వాల్వ్ ఆపరేషన్ అయిన మా బాపుకు అమీబా గోలీలు రాశారు, వార్ఫరిన్‌తో కలిపి వేయొచ్చా?

పెంబర్తి_పోరడు
బుధవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. కొంచెం అర్జెంటు. ఇందులో ఏది ముఖ్యమో నాకే తెలియక అంతా రాస్తున్నా, పొడుగైతే ఏమనుకోకండి.

మా బాపుకు 61 ఏళ్లు. చిన్నతనంలో కీళ్లజ్వరం వచ్చి గుండె వాల్వ్ పాడైంది. 2013లో హైదరాబాద్‌లో ఆరోగ్యశ్రీ కింద మెటల్ వాల్వ్ వేశారు. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ రాత్రి 8 గంటలకు వార్ఫరిన్ 5 మిల్లీగ్రాములు. టీవీలో వార్తలు మొదలవగానే అవ్వ గోలీ, గ్లాసుడు నీళ్లు పట్టుకొచ్చి టీవీకి అడ్డంగా నిలబడుతుంది. మింగేదాకా జరగదు. ఇన్నేళ్లలో ఆ గోలీ తప్పిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నెలకోసారి పీటీ ఐఎన్ఆర్ చేయిస్తాం, అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూసే పరీక్ష. అంకె పెరిగితే రక్తం పోయే భయం, తగ్గితే గడ్డకట్టే భయం. 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు. పోయిన నెల 2.9.

పోయిన వారం చుట్టాల పెళ్లికి పోయొచ్చిన దగ్గర్నుంచి కడుపులో మెలిపెట్టే నొప్పి, జిగట విరేచనాలు. రోజుకు ఎనిమిది పదిసార్లు. జిగురు, నడుమ నడుమ రక్తపు చార. ఆదివారం పక్కింటాయన బండి మీద కూర్చోబెట్టుకుని మండలంలో క్లినిక్‌కు తీసుకుపోయాడు. మలపరీక్షలో అమీబా అని వచ్చింది. మెట్రోనిడజోల్ 400 మూడు పూటలా ఏడు రోజులు, అది అయ్యాక డైలోక్సనైడ్ 500 మూడు పూటలా పది రోజులు రాశారు. డాక్టరు "బీపీ ఉందా, షుగర్ ఉందా" అని అడిగాడట. బాపు "లేవు సార్" అన్నాడట. నిజమే, రెండూ లేవు. వాల్వ్ సంగతి ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. బాపుకు షర్టు గుండీలు మెడదాకా పెట్టుకునే అలవాటు. ఛాతీ మీద కుట్ల గీత ఎవరికీ కనపడదు.

నేను నిన్న రాత్రి ఊరికి వచ్చి చీటీ చూశాను. ఈరోజు నాలుగో రోజు. విరేచనాలు రెండుకు తగ్గాయి. కానీ నోరంతా ఒకటే లోహపు రుచి అంటున్నాడు. ఆపరేషన్ దాకా ఆయన ఇత్తడి రేకు పని చేసినవాడు. "రేకు ముక్క పళ్ల నడుమ పట్టుకొని సుత్తె దేవులాడేటోణ్ణి, గప్పుడు గిట్లనే ఉండె నోరు" అంటున్నాడు. కంచంలో సగం అన్నం వదిలేస్తున్నాడు.

అసలు భయం అది కాదు. ఈ పొద్దున మూత్రం డికాక్షన్ రంగులో వచ్చిందన్నాడు. మధ్యాహ్నం నేనే ఒక గాజు గ్లాసులో పట్టించి వెలుతురుకు పెట్టి చూశాను. ఎర్రటి గోధుమ రంగు. ఈ గోలీలకు మూత్రం రంగు మారుతుంది, భయం లేదు అని ఫోన్లో ఒకచోట ఉంది. బాపు వాల్వ్ కార్డు మీదేమో, వార్ఫరిన్ వాడేవాళ్లకు మూత్రం ఎర్రబడితే రక్తం కావచ్చు, వెంటనే డాక్టరుకు చెప్పండి అని ఉంది. ఏది నమ్మాలి?

ఇంకోటి కల్లు. సాయంత్రమైతే ఆయనకు ఒక సీసా కల్లు ఉండాలి. మందు తాగొద్దని డాక్టరు చెప్పాడు కదా అంటే "కల్లు మందెట్లయితదిరా, చెట్టుకు కారేది" అంటాడు. మొన్న ఒక రోజు తాగాడు కూడా. తర్వాత వాంతి చేసుకున్నాడు. దాన్ని గోలీల మీదికి నెట్టాడు.

విరేచనాలు తగ్గాయి కదా, ఈ అమీబా గోలీలు బంద్ చేద్దాం అని అవ్వ. వార్ఫరినే నాలుగు రోజులు ఆపుదాం అని పక్కింటాయన. ఈ రాత్రి 8 గంటల గోలీ ఎప్పటిలాగే పడిపోయింది. ఏం చేయాలి?

*

ఏసీ_మెకానిక్_విజయవాడ
బుధవారం, రాత్రి 9:58

మరీ అంత టెన్షన్ వద్దు బ్రో. మెట్రోనిడజోల్ అంటే బఠానీల్లాగా దొరుకుతుంది, నేనే పదిసార్లు వేసుకుని ఉంటా. మోషన్స్ తగ్గినయ్ కదా, ఆపేయ్. అంతగా అనుమానం ఉంటే స్కూళ్లలో పిల్లలకిచ్చే నులిపురుగుల బిళ్ల ఒకటి నమిలించు. ఒక్కదాంతో కడుపంతా క్లీన్.

*

మందులషాపు_మాధవి
బుధవారం, రాత్రి 10:15

తమ్ముడూ, నేను ఖమ్మంలో ఫార్మసిస్టును, కౌంటర్ వెనక పంతొమ్మిదేళ్లు. మిగతావన్నీ తర్వాత. ముందు ఆ వాల్వ్ కార్డు మీద ఉన్న ఆస్పత్రి నంబరుకు ఈ రాత్రికే ఫోన్ చెయ్. డ్యూటీ డాక్టరు దొరుకుతారు. "మెటల్ వాల్వ్, వార్ఫరిన్ 5, నాలుగు రోజులుగా మెట్రోనిడజోల్ 400 మూడు పూటలు, మూత్రం రంగు మారింది" అని ఈ వరసలో చెప్పు. రేపు పొద్దున లాబ్ తెరవగానే ఐఎన్ఆర్, మూత్ర పరీక్ష రెండూ చేయించు. ఈలోపు రెండింటిలో ఏ మందూ నీ అంతట నువ్వు ఆపొద్దు. వార్ఫరిన్ ఆపితే వాల్వ్ మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం. అమీబా మందు మధ్యలో ఆపితే అది వేరే గొడవ.

తెల్లారేదాకా కూడా ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. మలం తారులాగా నల్లగా రావడం, ముక్కు నుంచో పంటి చిగుళ్ల నుంచో రక్తం ఆగకపోవడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి, మాట తడబడటం, తల తగిలేలా కిందపడటం. వీటిలో ఏది కనబడ్డా ఫోన్లు పక్కనపెట్టి బండెక్కించండి.

ఇప్పుడు అసలు సంగతి. వార్ఫరిన్‌ను కాలేయం రోజూ కొంచెం కొంచెంగా విరిచి బయటికి పంపుతుంటుంది. మెట్రోనిడజోల్ ఆ పనికి అడ్డం పడుతుంది. మీ నాన్నగారు మింగేది అదే 5 మిల్లీగ్రాములే. కానీ ఒంట్లో మిగిలేది రోజురోజుకూ పెరుగుతుంది. మొదటి రోజే తెలియదు. మూడు నాలుగు రోజులు గడిచాక ఐఎన్ఆర్‌లో బయటపడుతుంది. మీరు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉన్నారు. పైగా విరేచనాలు, సగం అన్నం. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె ఒంటికి అందడం తగ్గితే అది కూడా ఐఎన్ఆర్‌ను పైకే తోస్తుంది.

అలాగని ఈ రెండు మందులూ ఒకే మనిషికి ఎప్పుడూ ఇవ్వకూడదని కాదు. అవసరమైతే డాక్టర్లు ఇస్తారు. వార్ఫరిన్ మోతాదు కొంచెం తగ్గించి, మధ్యలో ఐఎన్ఆర్ చూసుకుంటూ నడిపిస్తారు. ఎంత తగ్గించాలో రిపోర్టు చూసి వాళ్లే చెప్పాలి. "అయితే టినిడజోల్ ఇవ్వండి, ఆర్నిడజోల్ ఇవ్వండి" అని నా కౌంటర్ దగ్గర కొందరు తెలివి చూపిస్తారు. అవీ ఆ కుటుంబమే, వాటితోనూ ఇదే జాగ్రత్త.

మూత్రం రంగు గురించి నువ్వు చదివిన రెండు మాటలూ నిజమే. మెట్రోనిడజోల్‌తో మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారొచ్చు, దానివల్ల హాని లేదు. కానీ వార్ఫరిన్ వాడే మనిషి విషయంలో కంటితో చూసి తేల్చకూడదు. గ్లాసు వెలుతురుకు పెట్టి చూసే బదులు లాబ్‌లో ఇస్తే సూక్ష్మదర్శినిలో ఎర్ర కణాలు ఉన్నాయో లేవో చెప్తారు. అరగంట పని.

కల్లు విషయం. మీ నాన్నగారితో వాదించి గెలవలేవు గానీ, చీటీలో "మందు" అన్నా, ఆల్కహాల్ అన్నా దాంట్లోకి కల్లూ వస్తుంది. పొద్దున దించిన తీపి కల్లు కూడా ఎండెక్కేకొద్దీ పులుస్తూనే ఉంటుంది. ఈ మాత్రలతో ఆల్కహాల్ పడితే కొందరికి మొహం ఎర్రబడటం, గుండె దడ, తలనొప్పి, వాంతులు వస్తాయి. అందరికీ వస్తుందా, ఎంత గట్టిగా వస్తుందనే దాని మీద ఈమధ్య వాదాలున్నాయి. కానీ మందు పెట్టెలో ఉండే కాగితం మాత్రం కోర్సు నడిచినన్నాళ్లూ, ఆఖరి మాత్ర తర్వాత కూడా కనీసం రెండు మూడు రోజులు వద్దనే చెప్తుంది. ఇంట్లో ద్రాక్షారిష్టం లాంటి అరిష్టాలు ఉంటే అవి కూడా పక్కన పెట్టండి. పులియబెట్టి చేస్తారు కాబట్టి వాటిలో ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీదే రాసి ఉంటుంది.

విజయవాడ తమ్ముడికి: స్కూళ్లలో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చేది ఆల్బెండజోల్. అది ఏలికపాములకు, కొంకిపురుగులకు. అమీబా పురుగు కాదు, ఒకే ఒక్క కణం. దాని మందు వేరు. ఇంకొకటి, మెట్రోనిడజోల్ చీటీ మీద ఇవ్వాల్సిన మందు, బఠానీ కాదు. పదిసార్లు వేసుకున్నానంటున్నావు, ఆ పదిసార్లూ నీకు అమీబానేనని ఎవరు చెప్పారు?

*

పెంబర్తి_పోరడు
బుధవారం, రాత్రి 11:20

అక్కా, ఫోన్ కలవడానికే ఇరవై నిమిషాలు పట్టింది గానీ డ్యూటీ డాక్టరు బాగా మాట్లాడారు. మీరు చెప్పిన వరసలోనే చెప్పాను. ఆవిడా అదే అన్నారు: పొద్దున ఐఎన్ఆర్, రిపోర్టు వాట్సాప్ చేయండి, అది చూశాకే రేపు రాత్రి గోలీ వేయాలా వద్దా చెప్తాం అని. మెట్రోనిడజోల్ మాత్రం ఆపొద్దన్నారు. అవ్వకు స్పీకర్ పెట్టి వినిపించాను, నా మాట నమ్మదు కాబట్టి.

ఒక సంగతి రాయడం మరిచాను. శనివారం, అంటే క్లినిక్‌కు పోకముందు, పక్కింటాయన విరేచనాలు ఆగే గోలీ అని తెచ్చి రెండు వేశాడట. స్ట్రిప్ చూశాను, లోపెరమైడ్. ఇంకా మిగిలి ఉన్నాయి.

*

మందులషాపు_మాధవి
గురువారం, ఉదయం 6:50

మిగిలినవి తీసేయ్. రక్తం, జిగురు పడుతున్నప్పుడు ఆ మాత్ర వేయకూడదు. బయటికి పోవాల్సింది లోపల ఆగిపోతుంది. దాని బదులు ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి తాగించేవాళ్లను రోజూ చూస్తుంటా. తలనొప్పి అంటే ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఏవీ ఇవ్వొద్దు, ముందు డాక్టరును అడుగు.

*

మైక్రోస్కోప్_తాతయ్య
గురువారం, ఉదయం 8:05

బాబూ, నేను విజయనగరం జిల్లాలో ప్రభుత్వాసుపత్రి లాబ్‌లో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మాధవిగారు మందుల సంగతి చెప్పేశారు, దాన్లో నేను వేలు పెట్టను. నాకు తెలిసింది స్లైడు.

మీ రిపోర్టులో ఏమి రాశారో ఒకసారి చూడండి. "ట్రోఫోజాయిట్స్" అనుందా, ఒట్టి "సిస్ట్స్" అనుందా? రెండింటికీ చాలా తేడా ఉంది. ట్రోఫోజాయిట్ అంటే కదిలే అమీబా. అప్పుడే తెచ్చిన వెచ్చటి నమూనాలో అది ఒక పక్కకి కాలు చాపినట్టు చాపి, ఒళ్లంతా అటు పోసుకుని కదుల్తుంది. దాని కడుపులో మన ఎర్రకణాలు కనబడ్డాయంటే ఇక అనుమానం అక్కర్లేదు, అసలు దొంగ అదే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన నన్ను పిలిచి స్లైడు చూపించి "లెక్కపెట్టరా, ఎన్ని మింగిందో" అన్నాడు. అయిదు లెక్కపెట్టాను. ఇప్పటికీ కళ్లముందే ఉంది.

అరగంట దాటితే అది కదలడం మానేస్తుంది, ఆనక తెల్లకణానికీ దానికీ తేడా పట్టడం కష్టం. అందుకే ఇంటి దగ్గర పొద్దున్న పట్టి, డబ్బా సంచిలో వేసుకుని, టిఫిన్ చేసి పదకొండింటికి తెచ్చేవాళ్లంటే మాకు ఒళ్లు మండేది. మూత్రం కలిసినా అంతే, అమీబా చచ్చిపోతుంది.

సిస్ట్ సంగతి వేరు. అది పైన పెంకు కట్టుకుని కదలకుండా ఉండే అమీబా. జబ్బు చేసే హిస్టోలిటికా, ఏ హానీ చేయని డిస్పార్ అని రెండు రకాలున్నాయి. వాటి సిస్టులు సూక్ష్మదర్శినిలో ఒక్కలాగే కనబడతాయి. ఇవి రెండూ వేరువేరు జాతులని 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సమావేశం కూడా ఒప్పుకుంది. అయినా "సిస్ట్స్ ప్లస్" అని కాగితం కనపడగానే, ఏ బాధా లేని మనిషికి కూడా ఏడాదికి నాలుగు కోర్సులు మింగించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీ నాన్నగారికి రక్తం, జిగురు ఉన్నాయి కాబట్టి ఆయన కథ వేరు, వైద్యం కావాలి. ఇది పక్కనున్న మిగతావాళ్ల కోసం చెప్తున్నాను.

రెండో మందు గురించి. మెట్రోనిడజోల్ పేగు గోడలోకి చొరబడ్డవాటిని చంపుతుంది గానీ పేగులోపల మిగిలిన సిస్టుల మీద దాని పని అంతంత మాత్రం. వాటికోసమే డైలోక్సనైడ్. ఒంట్లో బాగుంది కదా అని జనం ఆ రెండోదే కొనరు. నెల తిరక్కుండా అదే మనిషి, అదే డబ్బా పట్టుకుని మళ్లీ మా కిటికీ దగ్గర ఉండేవాడు.

మధ్యలో ఆపితే ఏమిటంటే, పేగు నుంచి రక్తంలో పడి కాలేయానికి చేరి అక్కడ చీముగడ్డ కట్టొచ్చు. కల్లు, సారా తాగే మగవాళ్లలో ఈ గడ్డలు ఎక్కువని మన దేశపు డాక్టర్లు చాలాకాలంగా చెప్తున్న మాట. మీ నాన్నగారికి వినిపించండి. కుడి డొక్కలో నొప్పి, చలిజ్వరం వస్తే తేలిగ్గా తీసుకోకండి.

*

పెంబర్తి_పోరడు
గురువారం, రాత్రి 7:50

రిపోర్టులు వచ్చాయి. ఐఎన్ఆర్ 5.4.

కాగితం చూసి కాసేపు బండి దగ్గరే కూర్చున్నాను. పొద్దున వేపపుల్ల నములుతుంటే ఉమ్మిలో ఎర్రగా పడిందట. "పుల్ల గుచ్చుకున్నది" అని ఎవరికీ చెప్పలేదు. లాబ్ కుర్చీలో చొక్కా చేతులు పైకి మడుస్తుంటే చూశాను, మోచేతి దగ్గర అరచేతంత నల్లగా కమిలి ఉంది. ఏం తగిలిందంటే తెలియదన్నాడు.

మూత్రంలో ఎర్రకణాలు 0-2, అంటే మామూలే అన్నారు. రంగు గోలీలదే. భయపడ్డ దాంట్లో ఏమీ లేదు, పట్టించుకోని వేపపుల్ల దగ్గర ఉంది అసలు సంగతి.

ఆస్పత్రికి రిపోర్టు పంపితే డాక్టరే ఫోన్ చేశారు. ఈ రాత్రి, రేపు రాత్రి వార్ఫరిన్ వద్దు, శనివారం పొద్దున మళ్లీ ఐఎన్ఆర్. వేపపుల్ల వద్దు, మెత్తటి బ్రష్ వాడండి, బండి మీద తిప్పొద్దు అన్నారు. విటమిన్ కె ఇంజెక్షన్ ఇప్పుడు అవసరం లేదు, రక్తం ఎక్కడైనా ఎక్కువ పోతే మాత్రం వెంటనే తీసుకురండి అన్నారు. మెట్రోనిడజోల్ ఏడు రోజులూ పూర్తి చేయాలి.

తాతయ్యగారూ, రిపోర్టులో ట్రోఫోజాయిట్స్ అనే ఉంది. చీముగడ్డ సంగతి బాపుకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మన గౌండ్లాయనకు చెప్పు, పదిరోజులు నా సీసా ఇంకెవరికన్న పొయ్యమని" అన్నాడు.

ఇప్పుడు 8 అవుతుంటే అవ్వకు గోలీ ఇవ్వకపోవడం ఎట్లాగో తెలియక రెండుసార్లు డబ్బా తీసి పెట్టింది.

*

తెనాలి_వాల్వక్క
గురువారం, రాత్రి 9:10

మీ అవ్వగారిని చూసినట్టే ఉంది తమ్ముడూ. నాకూ మెటల్ వాల్వే, పదకొండేళ్లయింది. తోటివాళ్లం కాబట్టి రెండు మాటలు.

అందరూ ఐఎన్ఆర్ పెరగడం గురించే చెప్తారు, తర్వాత తగ్గుతుందని చెప్పరు. నాకు ఒకసారి పంటి ఇన్‌ఫెక్షన్‌కు ఇదే మందు ఇచ్చారు. వార్ఫరిన్ తగ్గించారు, అంతా సవ్యంగా జరిగింది. కోర్సు అయిపోయింది, నేను మళ్లీ పరీక్షకు పోలేదు, తగ్గించిన మోతాదు మీదే ఉండిపోయాను. అడ్డం పడే మందు లేదు కాబట్టి కాలేయం మళ్లీ తన పని తాను చేసుకుపోతుంది కదా. మూడు వారాలకు చూస్తే 1.6. వాల్వ్ ఉన్నవాళ్లకు 5 ఎంత భయమో 1.6 కూడా అంతే భయం. మా డాక్టరుగారు తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి. అందుకని ఆఖరి మాత్ర అయ్యాక వారానికొకసారి, రెండు మూడు వారాలు చూపించుకోండి.

ఆకుకూరలు మానేయకండి, ఒకేసారి ఎక్కువా పెట్టకండి. "రక్తం పలచబడింది, గోంగూర పెడితే చిక్కబడుతుంది" అని చుట్టాలు వస్తారు చూడండి. ఎప్పుడూ తినేంతే తినాలి, అంతే.

*

చిట్టితల్లి_అమ్మ
గురువారం, రాత్రి 9:45

మధ్యలో అడుగుతున్నందుకు సారీ. మా నాలుగేళ్ల పాపకు రాత్రిళ్లు ఆసనం దగ్గర దురద, తెల్లటి దారాల్లాంటివి కనిపించాయి. డాక్టరు ఆల్బెండజోల్ ఒక్క డోసు ఇచ్చారు, రెండు వారాలకు మళ్లీ వేయమన్నారు. తగ్గిపోయింది కదా, రెండోది ఎందుకు?

*

మందులషాపు_మాధవి
గురువారం, రాత్రి 10:00

అవి నులిపురుగులు అమ్మా. మందు పురుగును చంపుతుంది, గుడ్లను నమ్మకంగా చంపలేదు. ఆ గుడ్లు పొదిగి పైకొచ్చేసరికి రెండో డోసు సిద్ధంగా ఉండాలి, అందుకే. ఇంట్లో అందరికీ వేయాలా అని మీ డాక్టరును అడగండి, మామూలుగా వేయిస్తారు. మాత్ర నమిలించండి, లేదా పొడి చేసి నీళ్లలో కలపండి. పూర్తి మాత్ర గొంతుకు అడ్డం పడుతుంది. పాపకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే, మీరు గర్భంతో ఉంటే, వేసుకోకముందే చెప్పాలి. గోళ్లు కత్తిరించండి, పొద్దున లేవగానే స్నానం చేయించండి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి. మిగతాది వేరే ప్రశ్నగా పెట్టండి, ఇక్కడ వాల్వ్ తాతగారి సంగతి కలిసిపోతుంది.

*

పెంబర్తి_పోరడు
ఇరవై ఐదు రోజుల తర్వాత, ఆదివారం

ఎవరైనా ఇదే సమస్యతో వెతుక్కుంటూ వస్తే పనికొస్తుందని రాస్తున్నా.

ఆ శనివారం ఐఎన్ఆర్ 3.6కు దిగింది. మళ్లీ పరీక్ష చేసేదాకా వార్ఫరిన్ 3 మిల్లీగ్రాములు వేయమన్నారు. కోర్సు అయిపోయాక తెనాలి అక్క చెప్పినట్టే జరిగింది, వారానికి 2.3. వెంటనే పాత 5కు తెచ్చారు. మొన్న 2.8. ఆ ఒక్క పరీక్షా చేయించకపోతే మాకు తెలిసేది కాదు.

నోటి రుచి ఆఖరి గోలీ తర్వాత రెండు రోజులకు పోయింది. అంతవరకూ అన్నం తిన్నాకే గోలీ, దాని వెనక నిమ్మకాయ చీకడం, అదొక్కటే ఆయనకు కొంచెం పనిచేసింది. ఒకరోజు మధ్యాహ్నం గోలీ మరిచిపోయి రాత్రి రెండు కలిపి వేయబోయాడు, అవ్వ చెయ్యి పట్టుకుంది. డైలోక్సనైడ్ పది రోజులూ వాడాం. కడుపు ఉబ్బరం, గ్యాస్ తప్ప ఏమీ లేదు, అయితే ఆ పది రోజులూ పక్కన ఎవరూ పడుకోలేదు. తర్వాత చేసిన మలపరీక్షలో ఏమీ లేదు. తాతయ్యగారూ, డబ్బా పదిహేను నిమిషాల్లో లాబ్ కిటికీ దగ్గర పెట్టాను, టిఫిన్ తర్వాతే చేశాను.

ఎక్కడినుంచి వచ్చిందో తేలలేదు. పెళ్లిలో మజ్జిగ అని అవ్వ, ఇంటి ముందు డ్రమ్ము నీళ్లని నేను. ఇప్పుడు నీళ్లు మరిగించి తాగుతున్నాం. మామూలుగా కలిపే క్లోరిన్‌కు ఈ సిస్టులు చావవని డాక్టరు చెప్పారు.

మాధవి అక్క మెసేజ్‌లో చెప్పినట్టు, మందు వల్ల ఇలా జరిగిందని, మందుల చెడు ప్రభావాలు నమోదు చేసుకునే 1800-180-3024 నంబరుకు ఫోన్ చేసి చెప్పాను. మామూలు జనం కూడా చెప్పొచ్చని నాకిప్పటిదాకా తెలియదు. ఆ మండలం డాక్టరు దగ్గరికి కూడా పోయి ఐఎన్ఆర్ కాగితం చూపించాను, పోట్లాడటానికి కాదు. ఆయన కాగితం రెండుసార్లు చూసి, తన టేబుల్ మీద చీటీల కట్ట పక్కన పెన్నుతో ఏదో రాసుకున్నాడు.

బాపు కల్లుకు మళ్లీ పోతున్నాడు, సీసా కాదు, సగమే అంటాడు. నేను చూడను కాబట్టి నమ్మాలి. కానీ ఒకటి మారింది. ఏ డాక్టరు దగ్గరికి పోయినా కుర్చీలో కూర్చోకముందే పై గుండీలు రెండు విప్పుతున్నాడు. నిన్న అవ్వకు కళ్లద్దాలు చేయించడానికి పోతే, అక్కడ కంటి డాక్టరు ముందు కూడా విప్పి నిలబడ్డాడు.